2.4 కోట్ల వ్యూస్‌కు డబ్బెంత? ఆటోనగర్ ఛానల్ లెక్క తేల్చిన కేసు

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. ఇక్కడ అందరూ ఆడిటర్ అనే పిలుస్తారు. కొన్నేళ్లుగా యూట్యూబ్ ఛానళ్లు నడిపేవాళ్లు కూడా రిటర్నుల కోసం వస్తున్నారు. వాళ్లలో ఈ ఒక్క కేసు రాయాలనుకోవడానికి కారణం ఉంది. మొదటి రోజే నేనొక తప్పు అంకె చెప్పాను. ఆ అంకె వల్ల అప్పటికే పొరపొచ్చాలు వచ్చిన ఇంట్లో గొడవ ఇంకా ముదిరింది. ఇదే పని చేసేవాళ్లు ఆ తప్పు చేయకుండా ఉండాలని నా కోరిక. పేర్లు, ఛానల్‌ను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మొత్తాలు కొంచెం మార్చాను గానీ వాటి మధ్య నిష్పత్తులు అలాగే ఉన్నాయి. రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

నేపథ్యం

ఆటోనగర్‌లో షెడ్డున్న మెకానిక్ ఒకాయన. లారీలు, ట్రాలీ ఆటోలు, డీజిల్ ఇంజన్ల పని. ఆయన భార్య తమ్ముడు డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ అక్క ఇంట్లోనే ఉండి, 2023లో షెడ్డులో ఫోన్‌తో వీడియోలు తీయడం మొదలుపెట్టాడు. బావ ఇంజన్ విప్పుతూ మాట్లాడతాడు. బావమరిది తీస్తాడు, ఎడిట్ చేస్తాడు, థంబ్‌నెయిల్ పెడతాడు, కామెంట్లకు జవాబిస్తాడు. పాత లారీ కొనేముందు ఏం చూసుకోవాలి, ఆయిల్ ఎందుకు తాగుతోంది లాంటి పది, పన్నెండు నిమిషాల వీడియోలు. వాటి మధ్య చాలా షార్ట్స్.

2024 మేలో మానిటైజేషన్, అంటే వీడియోల మీద యాడ్ల డబ్బు తీసుకునే అనుమతి, వచ్చింది. ఆ డబ్బు పంపే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతా బావ పేరు మీద ఉంది, బ్యాంకు ఖాతా కూడా ఆయనదే. ఎవరి వాటా ఎంతో కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. "ఖర్చులకు ఉంచుకో" అని బావ అప్పుడప్పుడూ ఇచ్చినవన్నీ కలిపితే 60 వేలు.

ఇంకో చిన్న విషయం తర్వాత చాలా పెద్దదైంది. ఛానల్‌లో బావమరిదికి ఇచ్చింది లిమిటెడ్ ఎడిటర్ హోదా. ఆ హోదాలో వీడియోలు పెట్టొచ్చు, మార్చొచ్చు, కానీ ఆదాయం కనపడదు. బావ దాన్ని కావాలని పెట్టలేదు. సెట్ చేసిచ్చిన కుర్రాడు అలా పెట్టాడు, ఈయన పట్టించుకోలేదు. కానీ రాత్రింబవళ్లు పని చేసేవాడికి డబ్బు పేజీ మాత్రమే కనపడకపోతే మనసులో ఏమనిపిస్తుంది?

వచ్చిన సమస్య

2025 దసరా అయిన నాలుగు రోజులకు బావ, బావమరిది, మధ్యలో అక్క నా ఆఫీసుకొచ్చారు. పండక్కి ఇంటికొచ్చిన చుట్టాల ముందే మాట తూలారని అర్థమైంది. ముగ్గురి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

బావమరిది ఫోన్ తీసి లెక్క చూపించాడు. ఛానల్ పేజీ మీద మొత్తం వ్యూస్ 2.4 కోట్లు. ఒకసారి బావ సంతోషంగా పంపిన స్క్రీన్‌షాట్‌లో సీపీఎం అనే యాడ్ల రేటు 150 రూపాయలని ఉంది. "వెయ్యి వ్యూస్‌కి 150 అని యూట్యూబే చెప్తోంది సార్. అందులో వాళ్లు 50 తీసుకున్నా మనకి 100. అంటే 24 లక్షలు. నాకు సగం, 12 లక్షలు రావాలి. బావ నాకు 60 వేలు ఇచ్చాడు."

బావ తల వంచుకుని ఒకటే మాట అన్నాడు. "ఆడిటర్ గారూ, నా ఖాతాలోకి రెండు లక్షలు కూడా రాలేదండి."

ఛానళ్ల ఆదాయాన్ని బయటి నుంచి అంచనా కట్టే సోషల్ బ్లేడ్ లాంటి సైట్లు వెయ్యి వ్యూస్‌కు పావు డాలర్ నుంచి 4 డాలర్ల దాకా వేసి చూపిస్తాయి. అదే రేటు 2.4 కోట్ల వ్యూస్‌కు వేస్తే 6 వేల డాలర్ల నుంచి 96 వేల డాలర్ల దాకా వస్తుంది. డాలరు 85 రూపాయలనుకుంటే 5 లక్షల నుంచి 81 లక్షల పైచిలుకు. కింది అంకెకూ పై అంకెకూ 16 రెట్ల తేడా. బావమరిదికి అతని 24 లక్షలు ఈ రెండింటి మధ్యలో, అదీ కింది వైపే కనపడ్డాయి. కాబట్టి తాను తగ్గించే అడుగుతున్నానని అతను నిజాయితీగా నమ్మాడు. అతనిది దురాశ కాదు. ఈ కేసులో నేను మొదట సరిగ్గా అర్థం చేసుకున్నది ఇదొక్కటే.

మొదటి ప్రయత్నం, నా తప్పు

షార్ట్స్ విడిగా ఎన్ని, పెద్ద వీడియోలు విడిగా ఎన్ని అని అడిగాను. 1.7 కోట్లు షార్ట్స్, 70 లక్షలు పెద్ద వీడియోలు. షార్ట్స్‌కు వచ్చేది చాలా తక్కువని తెలుసు కాబట్టి వాటిని పక్కన పెట్టాను. ఆ ఆలోచన వరకు సరైనదే. తర్వాత రేటు ఎక్కడి నుంచి తేవాలి? నా దగ్గరకొచ్చే ఇంకో తెలుగు ఛానల్ ఆర్‌పీఎం, అంటే వెయ్యి వ్యూస్‌కు ఛానల్‌కు వచ్చే డబ్బు, 110 రూపాయలని గుర్తొచ్చింది. ఇదీ తెలుగే, అదీ తెలుగే, చూసేదీ మనవాళ్లే కదా అనుకుని గుణించేశాను. 7.7 లక్షలు వచ్చింది. "కనీసం ఏడు లక్షలైనా వచ్చి ఉండాలండీ" అని పైకే అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. బావమరిదికి ఆ మాట సాక్ష్యంలా దొరికింది. 12 లక్షలు కాకపోయినా ఐదు లక్షలు దాచాడన్నమాట, సాక్షాత్తు ఆడిటరే చెప్పాడు! అక్క కళ్లు తుడుచుకుంది. ఆ రోజు వాళ్లు విడివిడిగా వెళ్లిపోయారు.

తప్పెక్కడో రాత్రి కూర్చుని చూసుకున్నాను. నేను రేటు తెచ్చిన ఛానల్ ఇంటి లోన్లు, ఇన్సూరెన్స్ గురించి మాట్లాడేది. యాడ్ల స్థలం వేలంలో అమ్ముడుపోతుంది. లోను కావాలనుకునేవాడి కళ్ల ముందు యాడ్ వేయడానికి బ్యాంకులు పోటీ పడి పాడతాయి. లారీ గేరుబాక్సు వీడియో దగ్గర అంత పోటీ ఉండదు. భాష ఒక్కటైనంత మాత్రాన రేటు ఒక్కటి కాదు. ఇక ఆ 70 లక్షల వ్యూస్‌లో ఎన్నిటికి అసలు డబ్బు వచ్చే అవకాశం ఉందో నేను అడగనే లేదు. పెద్ద తప్పు అదే.

రెండో ప్రయత్నం

మర్నాడు బావ బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చాడు. యాడ్‌సెన్స్ జమలు 14, మొత్తం 1,98,700. నా దృష్టిలో కేసు అయిపోయింది. బావమరిదికి ఫోన్ చేసి చెబితే, "ఆ ఖాతాలోకి వచ్చింది అంతే సార్, ఇంకో ఖాతా లేదని ఎలా చెప్పగలరు?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పైగా జమల్లో అతనికి అర్థంకానివి ఉన్నాయి. కొన్ని నెలల్లో అసలు జమే లేదు. వ్యూస్ బాగా వచ్చిన నెలలో డబ్బు తక్కువ, తర్వాతి నెలలో ఎక్కువ కనపడుతోంది. వీటికి కారణాలు మామూలివే. బాకీ 100 డాలర్లకు చేరకపోతే డబ్బు పంపరు, తర్వాతి నెలకు కలుపుతారు. ఒక నెల సంపాదన మరుసటి నెల 21 నుంచి 26 తేదీల మధ్య పంపుతారు. కానీ అనుమానం పుట్టినవాడికి నేను ఎన్ని కారణాలు చెప్పినా అవి సర్దిచెప్పినట్టే వినపడతాయి. నోటి మాట వాడుకుని నమ్మకం పోగొట్టుకున్నది నేనే కాబట్టి ఇంకో నోటి మాటతో అది తిరిగి రాదని అర్థమైంది.

పనిచేసింది

ఆ ఆదివారం ఇద్దరినీ పిలిచాను. ఒక షరతు పెట్టాను. ఛానల్ లెక్కలు కనపడే యూట్యూబ్ స్టూడియోలో ఆదాయం పేజీ ముందు తెరవం. ఎంత వచ్చి ఉండాలో ముందు మనమే లెక్క కట్టి కాగితం మీద రాద్దాం, తర్వాత తెరిచి చూద్దాం. మౌస్ బావమరిది చేతికే ఇచ్చాను. లెక్క అతను వేస్తే, వచ్చిన అంకె అతనిదే అవుతుంది.

వాళ్ల నాన్న గుంటూరు వైపు మిర్చి రైతు. కాబట్టి అలాగే మొదలుపెట్టాను. "మిర్చి యార్డుకు మీ నాన్న వంద టిక్కీలు (బస్తాలు) తీసుకెళ్తే, రేటు ఒకటి పట్టుకుని వందతో గుణిస్తారా?" అతను నవ్వకుండానే జవాబిచ్చాడు. "తాలు విడిగా పోతుంది. తేమ చూస్తారు. తేజ అయితే ఒక రేటు, వేరే రకమైతే ఇంకో రేటు." సరే, వ్యూస్‌ను కూడా అలాగే గ్రేడ్ చేద్దామన్నాను.

ముందుగా తేదీ. మానిటైజేషన్ రాకముందు చూసినవాటికి పైసా రాదు, తర్వాత కూడా వెనక్కి లెక్కకట్టి ఇవ్వరు. 2024 మేకి ముందు పెద్ద వీడియోల వ్యూస్ 11 లక్షలు, షార్ట్స్ 50 లక్షలు. అవి కొట్టేశాం.

తర్వాత పాటలు. ఈ ఛానల్‌లో బాగా పోయిన రెండు వీడియోలున్నాయి. ఒకదానికి 9 లక్షలు, ఇంకోదానికి 5 లక్షలు. మొదటిదాంట్లో లారీ క్యాబిన్‌లో టేప్‌రికార్డర్ మోగుతూనే ఉంటుంది, రెండోదానికి వెనక సినిమా పాట పెట్టారు. రెండిటి మీదా కాపీరైట్ క్లెయిమ్ ఉంది. అంటే యాడ్లు పడతాయి, డబ్బు మాత్రం పాట హక్కుదారులకు పోతుంది. బావమరిది ఆ పేజీ చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆ పాట పెట్టింది తనే. క్లెయిమ్ వచ్చిన సంగతి తెలుసు. "ఛానల్‌కే ముప్పు తెచ్చే స్ట్రైక్ కాదు కదా, ఏమీ కాదులే" అనుకున్నాడట. ఆ 14 లక్షలు కూడా తీసేస్తే, డబ్బు రాగల పెద్ద వీడియోల వ్యూస్ 45 లక్షలు మిగిలాయి.

ఇక షార్ట్స్. మానిటైజేషన్ తర్వాత పేజీ మీద కనపడేవి 1.2 కోట్లు. కానీ 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్ లెక్క మార్చింది. అప్పటినుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, మళ్లీ ఆడినా సరే, వ్యూ కిందే లెక్క. వేలితో వెంటనే పైకి తోసేసినా సరే. డబ్బుకు మాత్రం పాత పద్ధతినే ఉంచి, దాన్ని ఎంగేజ్డ్ వ్యూస్ అని విడిగా చూపిస్తోంది. అవి 78 లక్షలే. ఏప్రిల్ నుంచి వ్యూస్ అంతలా పెరిగినా డబ్బెందుకు పెరగలేదన్న అతని అనుమానానికి సగం జవాబు ఇక్కడే దొరికింది.

షార్ట్స్ డబ్బు పంచే తీరు కూడా వేరు. ఒక్కో షార్ట్ మీద పడిన యాడ్ డబ్బు ఆ షార్ట్‌కే రాదు. ఫీడ్‌లో మధ్యమధ్య వచ్చే యాడ్ల డబ్బంతా ఒకచోట వేసి, వాడిన సంగీతానికి భాగం తీసి, మిగిలినదాన్ని వ్యూస్‌ను బట్టి పంచుతారు. అలా వచ్చినదాంట్లో మన వాటా 45 శాతం. పెద్ద వీడియోల్లో యాడ్ ఆదాయంలో మన వాటా 55 శాతం. నమూనాగా ఒక్క షార్ట్ ఆదాయం మాత్రం తెరిచి చూశాం. 6 లక్షల ఎంగేజ్డ్ వ్యూస్‌కు 1,200 రూపాయలు, అంటే వెయ్యికి 2 రూపాయలు. 78 లక్షలకు 15,600.

ఇప్పుడు 45 లక్షలకు రేటు కావాలి. ఈసారి బయటి ఛానల్ నుంచి తేలేదు. ఇదే ఛానల్ నుంచి రెండు నెలలు ఎంచుకున్నాం, యాడ్ల పోటీ బాగా ఉండే ఒకటి, చప్పగా ఉండే ఒకటి. 2024 అక్టోబరులో దసరా, దీపావళి రెండూ వచ్చాయి. ఆ నెల డబ్బు వచ్చే పెద్ద వీడియోల వ్యూస్ 3.2 లక్షలు, దానికి నవంబరులో పడిన జమ 20,800, వెయ్యికి 65 రూపాయలు. పండగలు, కంపెనీల డిసెంబరు యాడ్ బడ్జెట్లు అయిపోయాక వచ్చే జనవరిలో 3 లక్షల వ్యూస్‌కు 10,200, వెయ్యికి 34. మిగతా నెలలు ఈ రెంటి మధ్య ఉంటాయి. పండగ నెలలు ఏడాదికి రెండు మూడే కాబట్టి కింది వైపు మొగ్గాలి. బావమరిది తనంతట తనే 43 రాశాడు. 45 లక్షలకు 1,93,500. షార్ట్స్ కలిపి 2,09,100. కాగితం మీద 2,10,000 అని రాసి గుండ్రంగా గీత గీశాడు.

ఆదాయం పేజీ తెరిచాడు. 2,22,600.

మా అంకె కాస్త తగ్గడానికి కారణం తెలుసు. బ్యాంకులో పడిన జమల నుంచి రేటు తీశాం కాబట్టి కోతలు అందులో అప్పటికే కలిసిపోయాయి. ఆ కోతలు కూడా చూశాం. అమెరికాలో ఉన్న మనవాళ్లు చూసిన దాని మీద వచ్చిన 26 వేలకు, పన్ను ఫారం సరిగ్గా నింపి ఉండటంతో రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం, అంటే 3,900 అక్కడే కోశారు. సెప్టెంబరు సంపాదన 14,500 ఇంకా చేతికి రాలేదు. అవి తీసేస్తే 2,04,200 ఉండాలి, ఖాతాలో ఉన్నది 1,98,700. మిగిలిన 5,500 పద్నాలుగు జమల మీద బ్యాంకు చార్జీలు, డాలరు మార్చిన రేటు తేడా. యాడ్‌సెన్స్‌లో చెల్లింపుల జాబితా తెరిచి ఒక్కో జమను స్టేట్‌మెంట్‌తో టిక్ పెట్టించాను. ఇంకో ఖాతా లేదని అప్పుడు తేలింది.

సీపీఎం 150 సంగతి అతనే అడిగాడు. అది యాడ్ వేసినవాడు వెయ్యి యాడ్లకు కట్టిన రేటు, వెయ్యి వ్యూస్‌కు కాదు. మన 55 శాతం 82 రూపాయల 50 పైసలు. ఈ ఛానల్‌లో వంద వ్యూస్‌కు పడిన యాడ్లు సుమారు 56. రెండూ కలిపితే వెయ్యి వ్యూస్‌కు 46 రూపాయలు. 45 లక్షలను దాంతో గుణించి చూడమన్నాను. 2,07,000 వచ్చింది. షార్ట్స్ 15,600 కలిపితే పేజీలో ఉన్న మొత్తమే. కాలిక్యులేటర్ పక్కన పెట్టి, "బావా, సారీ" అన్నాడు. బావ మాట్లాడలేదు, వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

అయితే కేసు అక్కడితో అయిపోలేదు

రిటర్ను పని కోసం నేను బావ 26ఏఎస్, అంటే ఆయన పేరు మీద జమైన పన్నుల పట్టిక, ముందే తీసి పెట్టుకున్నాను. అందులో ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194ఆర్ కింద ఒక ఎంట్రీ ఉంది. వ్యాపారంలో ఎవరైనా ఏడాదిలో 20 వేలు దాటిన వస్తువో, ప్రయోజనమో ఇస్తే 10 శాతం పన్ను జమ చేయాలన్న నిబంధన అది, 2022 జులై 1న అమల్లోకి వచ్చింది. 42 వేల వస్తువు, 4,200 పన్ను. ఏమిటని అడిగితే, ఒక పరికరాల డీలరు వీడియోలో చూపించమని ఇచ్చిన ఎయిర్ కంప్రెసర్ అన్నాడు బావ. "షెడ్డులోనే ఉందండి, వాడుతున్నాం."

ఇంకా అలాంటివి ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి. స్పేర్ పార్టుల కొట్లు, టైర్ల రీట్రెడింగ్ షాపు, పాత బళ్లు అమ్మేవాళ్లు. మొత్తం తొమ్మిది ప్రమోషన్ వీడియోలకు 1,65,000. అదంతా షెడ్డు గోడకు అంటించిన ఫోన్‌పే క్యూఆర్‌కు వచ్చి, షెడ్డు గల్లాలో కలిసిపోయింది. ఆయన దాచలేదు. వాళ్లంతా తన షెడ్డుకొచ్చే పాత పరిచయాలు కాబట్టి అది షెడ్డు వ్యాపారమే అనుకున్నాడు. కానీ ఆ వీడియోలు తీసింది, ఎడిట్ చేసింది బావమరిది.

ఇక్కడ నేను కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఇప్పుడే రాజీ పడ్డ ఇద్దరి మధ్య దీన్ని బయటకు తీయాలా? తీయాలనే నిర్ణయించుకున్నాను. పన్ను రిటర్నులో ఎలాగూ చూపించాలి, అప్పుడు తెలిస్తే ఈసారి అతుక్కోదు. ఇంకో కారణం నాకు ముఖ్యమైనది. బావమరిది అనుమానం అంకెలో తప్పు, మూలంలో పూర్తిగా తప్పు కాదు. అతనికి తెలియని డబ్బు నిజంగానే ఉంది, వ్యూస్ లెక్కలో అది ఎప్పటికీ దొరకదు. వ్యూస్ నుంచి కట్టే ఏ అంచనా అయినా యాడ్ల డబ్బు వరకే. ఇలాంటి ఛానళ్లలో ప్రమోషన్ల డబ్బు యాడ్లకు దగ్గరగానో, ఎక్కువగానో ఉండొచ్చు. ఇక్కడ కంప్రెసర్ కలిపితే 2,07,000, దాదాపు సమానం.

పంపకం

చేతికి వచ్చిన డబ్బు మాత్రమే పంచాలని సూచించాను. యాడ్లవి 1,98,700, ప్రమోషన్లవి 1,65,000, కలిపి 3,63,700. ఫోను, మైకు, లైట్లు, ఎడిటింగ్ లాప్‌టాప్, నెట్ బిల్లులు అన్నీ 1,20,000. మిగిలింది 2,43,700. ప్రమోషన్లలో పరిచయాలు బావవి కాబట్టి వాటిని 60–40 చేద్దామని నేను అనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "వాడు తీయకపోతే ఆ వీడియో ఉండేది కాదు, ఈయన విప్పకపోతే తీయడానికి ఏమీ ఉండేది కాదు. సగం సగం రాయండి" అంది. సగం 1,21,850. ఇచ్చిన 60 వేలు పోగా బావమరిదికి 61,850. కంప్రెసర్ షెడ్డుకే ఉంచారు. అక్టోబరు చివర్లో పడే డబ్బు ఇక నుంచి వచ్చినట్టే పంచుకుంటారు.

వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ఒప్పందం రాసుకున్నారు. ప్రమోషన్లకు విడిగా ఖాతా తెరిపించాను. బావమరిదికి ఆదాయం కనపడే హోదా ఇప్పించాను. నన్ను అడిగితే, మొత్తం కేసులో అన్నిటికంటే తక్కువ శ్రమతో జరగాల్సినదీ, మొదటి రోజే జరగాల్సినదీ అదే. అమెరికాలో కోసిన పన్నును ఇక్కడి పన్నులో తగ్గించుకోవడానికి ఫారం 67 పెట్టాం.

నా పద్ధతిలో వచ్చిన మార్పు

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఇన్ని వ్యూస్‌కు ఎంత వస్తుందని అడిగితే వెంటనే అంకె చెప్పను. మానిటైజేషన్ ఏ తేదీన వచ్చింది, షార్ట్స్ ఎన్ని, క్లెయిమ్ ఉన్న వీడియోలు ఏవి, ఎవరు చూస్తున్నారు, ఈ నాలుగు రాసుకున్నాకే లెక్క మొదలుపెడతాను. పిల్లల వీడియోలైతే ఐదో ప్రశ్న వేస్తాను. 2020 జనవరి నుంచి పిల్లల కోసం అని గుర్తు పెట్టిన వీడియోల మీద చూసేవారి అలవాట్లను బట్టి వేసే యాడ్లు రావు, రేటు పడిపోతుంది. ఛానల్ లోపలి లెక్క చూడకుండా చెప్పాల్సి వస్తే ఒక అంకె కాదు, రెండు అంకెలు చెబుతాను, మధ్య దూరం ఎందుకుందో కూడా చెబుతాను. ఈ ఛానల్‌లో మొత్తం వ్యూస్ మీద పంచి చూస్తే వెయ్యికి 9 రూపాయల చిల్లర పడింది. ఆ సైట్లు వేసే కింది రేటు 21 రూపాయలు. అంటే అసలు సంఖ్య వాళ్ల కింది గీతకు కూడా చాలా దిగువన ఉంది. షార్ట్స్, మానిటైజేషన్ ముందటివి, క్లెయిమ్ పడ్డవి అన్నీ ఆ 2.4 కోట్లలో కలిసి ఉండటమే కారణం.

పాట ఉన్న 9 లక్షల వీడియో సంగతి వాళ్లు వదల్లేదు. స్టూడియోలోనే ఆ పాట వచ్చే భాగాన్ని మ్యూట్ చేస్తే క్లెయిమ్ పోయింది. ఇంజన్ మోత కూడా అక్కడక్కడా పోయింది, బావకు అది బాధే. డబ్బు ఇకమీదట చూసినవాటికే వస్తుంది. అప్పటికే ఆ వీడియో ఊపు తగ్గిపోయింది. మొదటి నెల దాని మీద వచ్చింది 340 రూపాయలు. బావమరిది ఆ అంకె నాకు మెసేజ్ పెట్టాడు, కింద తన వాటా 170 అని కూడా రాశాడు.